ధవళేశ్వరం గేజీ బళ్లో చెప్పాలా? సిలబస్ చాలా?

లంక మాస్టారు:
మాది కోనసీమలో లంక ఊరు. ఐదో తరగతికి తీసివేతలు చెబుతూ ధవళేశ్వరం గేజీ, అదే బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం కొలత, తీసుకున్నాను. మొదటి వరద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. నీళ్లు పన్నెండున్నర దగ్గరున్నాయనుకోండి, రెండోదానికి ఇంకెంత? ఎప్పుడూ నోరు విప్పని పిల్ల లేచి, "అడుగుంబావు సార్, ఈపాటికి మావాళ్లు గేదెల్ని గట్టు మీదికి తోలేస్తారు" అంది. తనిఖీకొచ్చినాయన మాత్రం సిలబస్ ఎంతవరకయిందన్నారు. ఉన్న ఊరి నుంచే చదువు మొదలుపెడితే తప్పా?

పేట కుర్రోడు:
మాస్టారూ, గౌరవంతోనే అంటున్నానండి. అమావాస్యకి సముద్రం పోటు ఎంతదాకా వస్తుందో, పులస ఎర్రనీటికి ఎప్పుడు ఎదురెక్కుతుందో మా నాన్నకి ఏ బడీ చెప్పలేదు. నన్ను మాత్రం వల ముట్టుకోనిచ్చేవాడు కాదు. 1996 నవంబరు తుపానుకి వేటకెళ్లినోళ్లు ఎంతమంది తిరిగి రాలేదో మీకు తెలుసు. ఇంగ్లీషు, లెక్కలతో నేను బయటపడ్డాను. కాకినాడలో లక్షలు ఫీజు కట్టేవాళ్ల పిల్లలకి పోటూపాటూ నేర్పమని ఎవరూ అనరు. మా పిల్లలకే ఎందుకండీ ఇది?

ఏజెన్సీ టీచరు:
తమ్ముడూ, నీ కోపం న్యాయమే. భాష సంగతి మాత్రం వేరు. గిడుగు రామమూర్తి గారు కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, అందులో వాచకాలు రాసి బడి నడిపింది వాళ్లని కొండ మీదే ఉంచేయడానికి కాదు కదా. కోయ మాట్లాడే పిల్ల మా క్లాసులో నెలల తరబడి నోరు తెరవదు. మొద్దు అనుకుంటాం. ఆ పిల్లకేమో వెదురు ఏ నెలలో కొడితే పురుగు పట్టదో తెలుసు.
అయినా నాకూ ఓ చిక్కుంది. పోలవరం ముంపుతో కొండ దిగి కాలనీకొచ్చిన కొండరెడ్డి పిల్లలకి అడవి పాఠం ఎక్కడ చూపించి చెప్పను? జీలుగు చెట్టు కావాలంటే బస్సెక్కాలి. తాతలనడిగి దుంపల పేర్లు రాసుకురమ్మంటే ఉత్సాహంగా మొదలెట్టారు. పరీక్షలో రాదని తెలిశాక సగంలో వదిలేశారు.

లంక మాస్టారు:
కుర్రోడు గారన్నది గుచ్చుకుంది. మావాడు అమలాపురంలో ప్రైవేటు బడి. రాత్రి వాణ్ని గేజీ గురించి అడిగాను. ధవళేశ్వరం అనగానే "కాటన్ దొర విగ్రహం" అన్నాడు. అంతే, అక్కడితో ఆగిపోయాడు.

పేట కుర్రోడు:
అయితే ముందు ఆ బళ్లో చెప్పించండి మాస్టారూ. తర్వాత మా పేటకి రండి, పోటు లెక్క మా నాన్న చేతే చెప్పిస్తాను.