జపాన్ అచ్చుచిత్రం ఎవరిది? గీసినవారిదేనా?

రంగులపెట్టె:
18వ శతాబ్దంలో ఎడోలో, అంటే నేటి టోక్యోలో, తయారైన చెక్క అచ్చుచిత్రాలకు హరునొబు, ఉతమారో, షరకు అంటూ గీసిన ఒక్కరి పేరే చెబుతాం. అదే న్యాయమని నా అభిప్రాయం. ఊహ వారిది, గీత వారిది. ఎక్కడ ఏ రంగు పడాలో సూచించిందీ వారే. ఆ బొమ్మను చెక్క మీద చెక్కినవారు, రంగు పూసి కాగితం మీద అద్దినవారు చెప్పిన పని చేశారు, అంతే.

చేవకర్ర:
నేను ఒప్పుకోను. చిత్రకారుడు పలుచని కాగితం మీద గీసి ఇస్తే, దాన్ని చెర్రీ చెక్క మీద బోర్లించి అంటించి, కాగితంతో సహా చెక్కేసేవారు. ఆయన చేత్తో గీసిన గీత అక్కడితో సరి. మనం చూసి మురిసిపోయేది కత్తి మిగిల్చిన గీతను. ఉతమారో స్త్రీల కణతల దగ్గర జుట్టు చూడండి. ఒక్కో వెంట్రుక విడిగా నిలవాలంటే దానికి రెండు పక్కలా చెక్కను తొలిచేయాలి. చిత్రకారుడు అక్కడ జుట్టు హద్దు మాత్రం చూపి వదిలేయడం మామూలే. వెంట్రుకలు తీర్చింది ముఖాలు, తలలు చెక్కే పెద్ద పనివాడు. ఆయనను ‘అంతే’ అని తీసిపారేయడానికి నాకు మనసొప్పదు.

నీలిమందు:
అద్దకాన్ని మరవకండి. ఆకాశం పైనుంచి కిందికి పలచబడే ఆ నీలం చెక్కలో ఉండదు. ప్రతి కాగితానికీ ముందు దిమ్మె మీద రంగును చేత్తో సవరించాల్సిందే.

రంగులపెట్టె:
నైపుణ్యం వేరు, కర్తృత్వం వేరు. షరకు 1794-95లో సుమారు పది నెలలు పనిచేశాడు. ఆయన బొమ్మలను ప్రచురించిన త్సుతయా జుజబురో ఇతర చిత్రకారులవీ ప్రచురించాడు. వాటిలో షరకులా నటుల ముఖాలను అంత నిర్దయగా పట్టుకున్న చూపు ఏదీ?

చేవకర్ర:
ఆ చూపు షరకుదే, సందేహం లేదు. కానీ ఊహే కొలమానమైతే హరునొబు సంగతేమిటి? 1765లో ఆయన గీసిన క్యాలెండర్ బొమ్మల్లో కొన్నిటి మీద క్యోసెన్ అనే పేరుంది. ఆయన ఊహ చెప్పి, డబ్బు పెట్టి చేయించుకున్న సమురాయ్. కొన్నిటి మీద చెక్కినవారి, అద్దినవారి పేర్లూ ఉన్నాయి. అవే బొమ్మలు తర్వాత బజారులో అమ్మకానికి వచ్చినప్పుడు క్యోసెన్ పేరు తీసేశారు. మీ లెక్కన వాటికి కర్త క్యోసెనే కావాలి, హరునొబు కాదు. అందుకే నేను కోరేది ఒక్కటే. బొమ్మ కింద గీసినవారు, ప్రచురించినవారు అని రాసి, చెక్కినవారు, అద్దినవారు అనే రెండు వరుసలు కూడా చేర్చాలి. పేర్లు దొరకని చోట ‘తెలియదు’ అని రాయాలి. వరుసే లేకపోతే వెతికేవారు కూడా ఉండరు.