గబ్బిలాల టూర్ బుక్ చేసే ముందు: నెల, డిటెక్టర్, టీకా, ఇంకా ఏం చూసుకోవాలి?

రాత్రిపక్షి:
గబ్బిలాల కోసమే వెళ్ళే వారం రోజుల గైడెడ్ టూర్ వెతుకుతున్నాను. కనిపించినవి రెండు రకాలు. పెద్ద గుహ దగ్గరో వంతెన దగ్గరో సాయంత్రం లక్షల్లో బయటికొచ్చే గుంపును చూపించేవి ఒకటి. రోజుకో చోట, గబ్బిలాల అరుపుల్ని మన చెవికి వినిపించే డిటెక్టర్లతో నడిపించి, ఉచ్చులో పడ్డవాటిని దగ్గరగా చూపించేవి ఇంకొకటి. పక్షులు చూసే అలవాటుంది, గబ్బిలాలు మాత్రం పూర్తిగా కొత్త. ఏది ఎంచుకోవాలి, ఏ నెలలో, ఆపరేటర్‌ని ఏం అడగాలి?

గుహముఖం:
దేశం సంగతి తర్వాత, ముందు నెల తేల్చుకోండి. ఈ టూర్లు బెడిసికొట్టేది ఎక్కువగా తేదీల దగ్గరే.

టెక్సస్ చూడండి. ఆస్టిన్‌లో కాంగ్రెస్ అవెన్యూ వంతెన కింద దాదాపు 15 లక్షలు, శాన్ ఆంటోనియో దగ్గరి బ్రాకెన్ గుహలో కోటిన్నరకు పైనే మెక్సికన్ ఫ్రీటెయిల్డ్ గబ్బిలాలు ఉంటాయి. మార్చి ప్రాంతంలో మెక్సికో నుంచి వస్తాయి, చలి మొదలయ్యాక వెళ్ళిపోతాయి. పిల్లలు పుట్టేది జూన్‌లో. అవి ఎగరడం నేర్చి తల్లులతో పాటు బయటికొచ్చేది జులై చివర, ఆగస్టులో. గుంపు అన్నిటికన్నా పెద్దగా ఉండేది అప్పుడే. వానల్లేని ఎండాకాలంలో పొద్దు కుంకక ముందే బయల్దేరతాయి కాబట్టి వెలుగులో చూడొచ్చు. ఆస్టిన్‌లో వంతెనకు తూర్పు వైపున నిలబడాలి, అవి నీటి వెంట తూర్పుకే పోతాయి. బ్రాకెన్‌కి మాత్రం నేరుగా వెళ్ళడం కుదరదు. బ్యాట్ కన్జర్వేషన్ ఇంటర్నేషనల్ అనే సంస్థ ముందుగా ప్రకటించే సాయంత్రాల్లో చోటు దొరకాలి. టూర్ కాగితంలో బ్రాకెన్ పేరుంటే ఆ చోటు ఖాయమైందో లేదో రాతపూర్వకంగా చెప్పమనండి.

జాంబియాలోని కసంకా లెక్క వేరు. అక్కడివి పండ్లు తినే పెద్ద గబ్బిలాలు, రెక్కల చాపు ముప్పావు మీటరు దాకా ఉంటుంది. అక్టోబరు చివర్లో దిగుతాయి, నవంబరులో నిండుగా ఉంటాయి, డిసెంబరు దాటితే లేవు. మంచె మీదికి సాయంత్రం ఒక్కసారే ఎక్కించే టూర్ అయితే సగమే చూసినట్టు. తెల్లవారుజామున తిరిగొచ్చి కొమ్మల కోసం కొట్లాడుకుంటూ సర్దుకునేదే అసలు దృశ్యం. అది వానలు మొదలయ్యే కాలం, దారులు బురదవుతాయి, కార్యక్రమంలో ఒక రోజు ఖాళీ ఉంచారా అని చూడండి.

బోర్నియోలో ములు పార్కు డీర్ కేవ్ దగ్గర ఏడాది పొడవునా ఉంటాయి, కానీ సాయంత్రం వాన పడితే బయటికి రావు. అక్కడ మూడు సాయంత్రాలైనా లేకపోతే బుక్ చేయొద్దు. పార్కు కార్యాలయం నుంచి మూడు కిలోమీటర్లకు పైగా చెక్కబాట, తిరుగు నడక చీకట్లో. గుంపు రింగులు రింగులుగా మెలి తిరుగుతూ పోతుంటే పైన బ్యాట్ హాక్ డేగ ఉందేమో చూడండి, ముందు గబ్బిలాల్నే చూస్తుంటాం కాబట్టి అది కంటపడదు.

చలి దేశాల్లో శీతాకాలం గుహలోకి తీసుకెళ్ళి నిద్రపోతున్నవాటిని చూపిస్తామనే టూర్ వద్దు. ఒకసారి మేల్కొంటే వారాల తరబడి సరిపోయే కొవ్వు ఖర్చైపోతుంది, ఆ కాలంలో తిరిగి నింపుకోవడానికి పురుగులుండవు.

నలభైఅయిదు:
రెండో రకం టూర్‌కి వెళ్తే డిటెక్టరే కళ్ళు. మన చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినపడదు, చాలా గబ్బిలాల అరుపులు మొదలయ్యేదే అక్కడ. టూర్లలో చేతికిచ్చేది మామూలుగా హెటెరోడైన్ రకం. డయల్ ఏ అంకె మీద ఉందో ఆ చుట్టుపక్కల శబ్దాన్నే మన చెవికి దించుతుంది. డయల్ తప్పు చోట ఉంటే నెత్తి మీద గబ్బిలం తిరుగుతున్నా పెట్టె మూగదే.

యూరప్‌లో అయితే 45 దగ్గర మొదలుపెట్టండి. కామన్ పిపిస్ట్రెల్ అనే చిన్న గబ్బిలం గట్టిగా పలికేది అక్కడ, సోప్రానో పిపిస్ట్రెల్ 55 దగ్గర. డయల్ మెల్లగా కిందికి తిప్పుతుంటే "టిక్" అనే ఎండు శబ్దం కాస్తా "టప్ టప్" అని తడిగా, లావుగా మారుతుంది. ఆ లావు ఎక్కడ ఎక్కువో అదే దాని అంకె. 20–25 మధ్య "చిప్ చాప్" అని రెండు స్వరాలు మార్చి మార్చి వస్తే నాక్ట్యూల్. 110 దగ్గర నీళ్ళు గలగలలాడినట్టు వణుకుతూ వస్తే లెస్సర్ హార్స్‌షూ. నాక్ట్యూల్ దూరం నుంచే వినిపిస్తుంది. హార్స్‌షూ మాత్రం కొన్ని మీటర్ల లోపుంటేనే, ఎందుకంటే అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీని గాలి త్వరగా మింగేస్తుంది. మైకు దాని వైపు తిప్పకపోతే అదీ లేదు.

జాకెట్ సంగతి ఎవరూ ముందు చెప్పరు. నైలాన్ రెయిన్‌కోటు చేయి కదిపితే వచ్చే చరచర, తాళాల గుత్తి, ఎండుటాకుల మీద అడుగులు, అన్నిట్లోనూ అల్ట్రాసౌండ్, అంటే మన చెవికి అందని శబ్దం, ఉంటుంది. పది మంది గుంపులో ఇద్దరు నైలాన్ తొడుక్కొస్తే గైడు డిటెక్టర్ కూడా పనికిరాదు. పైన నూలు గానీ ఫ్లీస్ గానీ వేసుకోండి.

రాత్రిపక్షి:
ఫోన్‌కి తగిలించే మైకులు జాతి పేరు కూడా చెప్పేస్తాయట కదా. అది కొనుక్కుంటే చాలదా?

నలభైఅయిదు:
కొనుక్కోండి, పేరు మాత్రం నమ్మకండి. అవి మొత్తం శబ్దాన్ని రికార్డు చేసి స్పెక్ట్రోగ్రామ్, అంటే శబ్దం బొమ్మ, చూపిస్తాయి, నేర్చుకోవడానికి అది చాలా మంచిది. సెకనుకు 256 వేల నమూనాలు తీసేదైతే 128 కిలోహెర్ట్జ్ దాకా పట్టుకుంటుంది, యూరప్‌కి సరిపోతుంది. ఇబ్బంది యాప్ తనంతట తనే జాతి పేరు చెప్పే ఆటో ఐడీతోనే. మయోటిస్ అనే వర్గంలోని గబ్బిలాల జాతులన్నీ దాదాపు ఒకేలా అరుస్తాయి, పైగా ఒకే గబ్బిలం ఆరుబయట ఒకలా, చెట్ల మధ్య ఇంకోలా అరుస్తుంది. యాప్ ఇచ్చిన పేరు రాసుకునేటప్పుడు పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ఫోన్ వెలుగు కూడా బాగా తగ్గించండి, పక్కవాళ్ళ కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది.

వలకాపరి:
పట్టి చూపించే టూర్ల గురించి. ఆపరేటర్‌ని అడగాల్సిన మొదటి మాట: లైసెన్సు ఎవరి పేరు మీద ఉంది, ఆ మనిషి ప్రతి రాత్రీ మీతోనే ఉంటారా? బ్రిటన్‌లో అన్ని గబ్బిలాలకూ చట్టరక్షణ ఉంది, పట్టుకోవాలన్నా మకాంలో కదిలించాలన్నా లైసెన్సు కావాలి. "మా గైడుకి అనుభవం ఉంది" అన్నది జవాబు కాదు.

రెండోది, వలా, హార్ప్ ట్రాపా? హార్ప్ ట్రాప్ అంటే నిలువుగా బిగించిన సన్నటి తీగల వరసలు, కింద సంచి. గబ్బిలం మొదటి వరసను తప్పించుకుని రెండో వరసకు తగిలి, జారి సంచిలో పడుతుంది, దెబ్బ తగలదు. వల, అంటే మిస్ట్ నెట్ అయితే చిక్కుకుంటుంది, పళ్ళతో దారాలు కొరుకుతుంది, ఆలస్యమైతే రెక్క పొర చిరుగుతుంది. నెట్ దగ్గర ఎప్పుడూ ఒకరుండాలి. అందరూ కలిసి భోజనానికి వెళ్ళి వచ్చి చూసే పద్ధతి ఉంటే ఆ టూర్ వదిలేయండి.

మూడోది, ఏ నెల? కడుపుతో ఉన్నవి, పాలిచ్చేవి ఉండే రోజుల్లో, అంటే యూరప్‌లో జూన్, జులై మొదట్లో, బాధ్యత ఉన్నవాళ్ళు ఉచ్చులు తగ్గిస్తారు. ఒకవేళ పడితే వెంటనే వదిలేస్తారు. ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా గుహల ముందు జతకట్టడానికి గుమిగూడతాయి. ఒకే రాత్రి ఎక్కువ జాతులు చూడాలంటే అదే సమయం.

చేతిలో చూపించేటప్పుడు గైడు గ్లవ్ వేసుకుని, ముంజేతి ఎముక కాలిపర్‌తో కొలిచి, చెవి లోపలి చిన్న తమ్మె ఆకారం చూపిస్తారు. కొన్ని జాతుల్ని వేరు చేసేది ఆ తమ్మే, దాన్ని వదలొద్దు. మీరు ముట్టుకోవడం మాత్రం లేదు. "మీ చేతిలో పెడతాం" అని ప్రకటనలో ఉంటే దూరంగా ఉండండి.

చిన్నక్కయ్య:
పైవాళ్ళు వదిలేసిన మందుల సంగతి. గబ్బిలం కాటు సూది గుచ్చినంతే ఉంటుంది, గాయం కనపడకపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో ముందస్తు రేబిస్ టీకా రెండు డోసులు, 0వ రోజు, 7వ రోజు. కొన్ని దేశాల్లో మూడోది కూడా ఇస్తారు. కాబట్టి ప్రయాణానికి నెల ముందే డాక్టరు దగ్గరికెళ్ళండి. టీకా ఉన్నా కాటు పడితే సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, మళ్ళీ 0, 3 రోజుల్లో రెండు డోసులు వేయించుకోవాలి. ముందస్తు టీకా వల్ల లాభమేమిటంటే ఇమ్యూనోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) అక్కర్లేదు. మారుమూల ప్రాంతాల్లో దొరకనిది అదే.

గుహల్లోకి వెళ్ళే టూరా అని కూడా అడగండి. ఉగాండాలోని పైథాన్ గుహకు వెళ్ళొచ్చిన ఒక డచ్ పర్యాటకురాలు 2008లో మార్బర్గ్ వైరస్‌తో చనిపోయారు. అక్కడివి ఆ వైరస్‌ను మోసే ఈజిప్షియన్ పండ్ల గబ్బిలాలు. గుహ బయట నిలబడి చూడటం వేరు, వాటి కింద నడవడం వేరు. ఎండిన రెట్ట దుమ్ములో ఊపిరితిత్తులకు జబ్బు తెచ్చే హిస్టోప్లాస్మా బూజు ఉండొచ్చు, దానికి ఎన్95 మాస్కు పనిచేస్తుంది. కళ్ళు మండించే అమోనియాకు మాత్రం ఆ మాస్కు అడ్డం కాదు, ఘాటు తగిలితే బయటికి రావడమే.

గుహముఖం:
దానికి ఒకటి కలుపుతాను. ఒక గుహలో వాడిన బూట్లు, బట్టలు ఇంకో గుహకు వేసుకెళ్ళొద్దు. ఉత్తర అమెరికాలో లక్షల గబ్బిలాల్ని చంపిన వైట్ నోస్ బూజు మన సామాన్ల మీద కూడా ప్రయాణం చేయగలదు. 55 డిగ్రీల నీళ్ళలో 20 నిమిషాలు పూర్తిగా ముంచి ఉంచాలి, ఉతికితే సరిపోదు. ఖండం మారితే బూట్లు కూడా మార్చండి.

అరటాకు:
మధ్య అమెరికా ఎవరూ ఎత్తలేదే. కోస్టారికా కరీబియన్ వైపు తడి అడవుల్లో హోండురన్ తెల్ల గబ్బిలం ఉంటుంది. అరటాకు లాంటి హెలికోనియా ఆకు ఈనెల్ని కొరికి రెండు వైపులా మడిచి గుడారం చేసుకుని, గుంపుగా అతుక్కుని పడుకుంటుంది. కింద నుంచి చూస్తే ఆకులోంచి దిగిన వెలుగు ఆ తెల్ల బొచ్చు మీద పడి పచ్చగా కనిపిస్తుంది, ఆకుకూ దానికీ తేడా తెలియదు. ఆకు ముట్టుకోవద్దు, ఫ్లాష్ వద్దు, చూసి వచ్చేయాలి. రాత్రి మాత్రం చక్కెర నీళ్ళ ఫీడర్ దగ్గర తేనె తాగే గబ్బిలాల ఫొటోలు తీయొచ్చు. ఫ్లాష్ పవర్ 1/16కో 1/32కో దించితే మెరుపు కాలం తగ్గి రెక్కలు స్పష్టంగా వస్తాయి.

వలకాపరి:
ఫీడర్ దగ్గర కూడా రాత్రంతా ఫ్లాష్ నాకు సమ్మతం కాదండీ. గంట చాలు. మకాం నోటి దగ్గరైతే ఫ్లాషూ తెల్ల టార్చీ రెండూ అసలే వద్దు. వెలుగు పడితే బయటికి రావడం ఆలస్యమవుతుంది, పురుగులు ఎక్కువగా ఎగిరే తొలి చీకటి వేళ చేజారుతుంది. అమెరికాలోని కార్ల్స్‌బాడ్ గుహల దగ్గర సాయంత్రం కార్యక్రమానికి కెమెరా, ఫోను ఏదీ వాడనివ్వరు, అదే సరైన పద్ధతి.

అరటాకు:
గంట అంటే ఒప్పుకుంటాను. ఒక్కో టూర్లో ఆరు కెమెరాలు ఒకేసారి పెడతారు, గొడవ అక్కడ.

రాత్రిపక్షి:
అందరికీ థాంక్స్. ఆగస్టు చివర యూరప్, హార్ప్ ట్రాప్ ఉన్న టూర్ వైపే మొగ్గుతున్నాను. బైనాక్యులర్ 8×32 ఉంది, చాలా?

గుహముఖం:
పగటి పక్షులకు చాలు. మునిచీకట్లో దాని నుంచి కంటికొచ్చే వెలుగు గుండ్రం 4 మిల్లీమీటర్లే. 8×42 అయితే 5కు పైన, 7×50 అయితే 7. టూర్లో 8×42 అరువిస్తారేమో అడగండి. నిలబడేటప్పుడు పడమటి ఆకాశం ఎదురుగా ఉండాలి, ఆ వెలుగు మీద నల్లగా స్పష్టంగా కనిపిస్తాయి. అవి ఎగిరే దారికి అడ్డంగా కాకుండా పక్కన నిలబడండి. నెత్తిన అంచున్న టోపీ, నోరు మూసే ఉంచడం.

వలకాపరి:
కార్యక్రమంలో అర్ధరాత్రి దాటే రాత్రులు ఎన్ని వరసగా పెట్టారో లెక్కపెట్టండి. ఉచ్చుల రాత్రి తర్వాత రోజు తెల్లవారుజామున మకాం చుట్టూ తిరిగేవి చూపిస్తామంటే నిద్రపోయేదెప్పుడు? రెండు రాత్రులకొక ఖాళీ సాయంత్రం ఉండాలి, 10 డిగ్రీల కన్నా చల్లగా ఉన్నా వాన పడినా ఆ సాయంత్రానికి జరుపుతారా అని అడగండి. చలి రాత్రి పురుగులు ఎగరవు, ఉచ్చు ఖాళీగానే ఉంటుంది.