వెబ్ ఆప్షన్లు: 45 రాసింది, 12కి దించాలి. ఎలా?

వశిష్ఠ_గట్టు:
మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. మా అమ్మాయికి ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో మరీ గొప్ప ర్యాంకు కాదు, తీసిపారేసేదీ కాదు. ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో వరసగా కాగితం మీద 45 ఆప్షన్లు రాసింది. నిరుడు ఒక్కో కాలేజీలో సీటొచ్చిన ఆఖరి ర్యాంకులు దగ్గర పెట్టుకుని, వచ్చే అవకాశం లేనివి కొట్టేస్తే 12 మిగిలాయి. అన్నీ కంప్యూటర్సే. భీమవరంలో ఎస్‌ఆర్‌కేఆర్, విష్ణు ఉమెన్స్, ఇంకా చుట్టుపక్కలవి. వీటిలో ఏది ముందు, ఏది వెనక? తెలిసినవాళ్ళు చెప్పండి.

లెక్కల_మాస్టారు:
అసలు దించడం దేనికండీ? ఆప్షన్లకి పరిమితి లేదు. కంప్యూటరు ర్యాంకు వరసలో పిల్లల్ని ఒక్కొక్కరినే తీసుకుంటుంది. ఆ పిల్ల జాబితా పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, ఖాళీ కనపడిన మొదటి చోట సీటిస్తుంది. రాని కాలేజీ పైన పెట్టినా పోయేదేం లేదు, దాన్ని దాటి కిందిదానికి వస్తుంది. కొట్టేయాల్సింది రానివాటిని కాదు, వచ్చినా చేరనివాటిని. ఇంతకీ మీరు చూసిన ర్యాంకు ఏ కేటగిరీది? అబ్బాయిలకి వేరు, అమ్మాయిలకి వేరు. ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) రీజియన్ లోకల్‌కి వేరు. పట్టికలో తమది కాని వరస చూసి బెంబేలెత్తిపోయేవాళ్ళు ప్రతి ఏడూ తగులుతారు నాకు.

భీమారం_బుల్లోడు:
ఏ కాలేజీ అయితే ఏంటండీ, కంప్యూటర్ సైన్స్, అదే సీఎస్‌ఈ వచ్చిందా లేదా!

రొయ్యల_చెరువు:
మాస్టారూ, పుస్తకంలో లెక్క వేరు, బయట జరిగేది వేరు. పైన పెద్ద కాలేజీలు పెట్టబట్టే మావాడికి సీటు పోయింది. మొదటి విడతలో ఏదీ రాలేదు. కంగారుపడి మేనేజ్‌మెంట్ కోటాలో చేర్పించాను. దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ లేదు. ఆ ఏడే రొయ్యలకి వైట్ స్పాట్ రోగం వచ్చి రెండు చెరువులు ఖాళీ. వడ్డీకి తెచ్చి కట్టాను. పెద్ద పేర్లు పైన పెట్టొద్దు, అంతే.

లెక్కల_మాస్టారు:
మొత్తం ఎన్ని పెట్టారు?

రొయ్యల_చెరువు:
ఆరు. ఆరూ మంచివే.

లెక్కల_మాస్టారు:
అదీ సంగతి. ఆరింటిలో ఏదీ రాకపోతే ఏడోది లేదు కదా, ఎక్కడివ్వమంటారు సీటు? పైన పెట్టినందుకు పోలేదండీ, కింద లేనందుకు పోయింది. పైగా రెండో విడత ఉంటుంది. దానికి ఆగాల్సింది.

రొయ్యల_చెరువు:
నెలజీతం వచ్చేవాళ్ళు ఆగుతారు. ఈలోగా ఉన్న సీటు కూడా పోతుందని కాలేజీవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. మీరు చెప్పొచ్చారు!

కోనసీమ_కొబ్బరాకు:
నెట్ సెంటరువాడికి పాస్‌వర్డు మాత్రం ఇవ్వకండి. మా మేనకోడలి వరసంతా తారుమారు చేశాడు.

అమలాపురం_అక్క:
వశిష్ఠ గారూ, ఉంచిన 12 చెప్పారు. కొట్టేసిన 33 ఏంటండీ?

వశిష్ఠ_గట్టు:
ఏముందమ్మా, విశాఖవి, విజయవాడవి, కాకినాడవి. మొదటిది ఏయూలో సివిల్, రెండోది కాకినాడ జేఎన్‌టీయూలో సివిల్. దానికి సివిల్ పిచ్చి పట్టింది. ఎండలో సైటు మీద నిలబడే పని ఆడపిల్లకెందుకు చెప్పండి?

లెక్కల_మాస్టారు:
ఆ రెండూ సర్కారు కాలేజీలు. ఫీజు తక్కువ. కాకినాడది 1946 నాటి కాలేజీ. సివిల్‌ని అంత తేలిగ్గా తీసేయకండి. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట కట్టి ఉండకపోతే మీకూ నాకూ ఈ వరిచేలు ఎక్కడివి?

వశిష్ఠ_గట్టు:
కాటన్ దొరగారు సాయంత్రం ఐదింటి బస్సుకి ఇంటికి రానక్కర్లేదు కదండీ.

భీమారం_బుల్లోడు:
😂😂

అమలాపురం_అక్క:
నవ్వులాటకేం గానీ, ఆ పిల్ల ర్యాంకుకి కాకినాడలో సివిల్ నిరుడు వచ్చిందా, రాలేదా?

వశిష్ఠ_గట్టు:
వచ్చింది. అయితే?

అమలాపురం_అక్క:
అయితే ఏంటండీ! "వచ్చే అవకాశం లేనివి కొట్టేశాను" అని పైన రాశారు. వచ్చేది కూడా కొట్టేశారే! కాకినాడ ఏమన్నా దేశం అవతలుందా? చించినాడ వంతెన దాటితే రాజోలు, అమలాపురం, ఎదుర్లంక వంతెన దాటితే యానాం, ఆపైన కాకినాడే. నాకూ సీటు వస్తే మా నాన్నగారు ఇలాగే "దూరం" అన్నారు. ఊళ్ళోనే డిగ్రీ చదివాను. ఆ తర్వాత హైదరాబాదు సంబంధానికి మాత్రం దూరం అడ్డు రాలేదు.

వశిష్ఠ_గట్టు:
మీ ఇంటి గొడవ నా నెత్తిన రుద్దకండి. మా ఆవిడకి ఒంట్లో బాగుండదు. పిల్ల ఉంటేనే ఇల్లు నడుస్తుంది. హాస్టల్లో పెట్టి రాత్రిళ్ళు ఏ ఫోనొస్తుందోనని కూర్చోలేను. ఇది ర్యాంకుల సంగతి కాదు, మా ఇంటి సంగతి.

అమలాపురం_అక్క:
ఆ మాట మొదటే అనాల్సింది. ఆమెకి ఒంట్లో బాగోకపోవడం బాధే, కాదనను. కానీ పిల్లకి ఏం చెప్పారు? ర్యాంకు చాలదనా, ఇంట్లో ఉండాలనా?

వశిష్ఠ_గట్టు:
ర్యాంకు చాలదనే చెప్పాను. ఏం చెప్పమంటారు?

లెక్కల_మాస్టారు:
అది నిలవదండీ. ఆఖరి ర్యాంకుల పట్టిక వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. స్నేహితురాలి ఫోనులో చూసిందంటే నిమిషం పట్టదు. ఇంటి దగ్గరే ఉండాలంటే భీమవరంలోనూ సివిల్ ఉంది, దాన్ని కలపండి. కాకినాడని రెండోదిగానే ఉంచి పిల్లతో మాట్లాడండి. ఇంకో మాట. మొదటి విడతలో సీటొచ్చాక రెండో విడతలో మళ్ళీ ఆప్షన్లు పెట్టి కొత్తది వస్తే, పాతది దానంతట అదే పోతుంది. అది తెలుసుకుని దిగండి.

రొయ్యల_చెరువు:
చూశారా, అక్కడా పోతుంది. నేను చెప్పిందే.

లెక్కల_మాస్టారు:
మీరు చెప్పింది అది కాదండీ బాబూ.

వశిష్ఠ_గట్టు:
ఒకసారి ఆప్షన్లు ఫ్రీజ్ చేసి ఖాయపరిచాక మార్చుకోనిస్తారా?

లెక్కల_మాస్టారు:
ఆప్షన్లు మార్చుకోవడానికని ఒక రోజు ఇస్తారు. ఆ రోజు దాటితే లేదు. ఓటీపీ ఎవరి ఫోనుకి?

వశిష్ఠ_గట్టు:
నా ఫోనుకే.

అమలాపురం_అక్క:
ఆ ఒక్క రోజైనా ఫోను పిల్ల చేతికివ్వండి.

రొయ్యల_చెరువు:
అందరూ ఆయన మీద పడ్డారు గానీ, ఆరు ఆప్షన్లు తక్కువేం కాదు. మా బావమరిది కొడుకు నాలుగే పెట్టాడు, వచ్చింది.

లెక్కల_మాస్టారు:
వాడి ర్యాంకెంత?