రికెట్స్ వల్ల వంగిన కాళ్లకు ఆపరేషన్ ఎప్పుడు?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఐదేళ్ల మా అమ్మాయికి రికెట్స్ (ఎముకలు మెత్తబడే జబ్బు) వల్ల దొడ్డికాళ్లు వచ్చాయి. చీలమండలు కలిపి నిలబెడితే మోకాళ్ల మధ్య నా పిడికిలి పడుతోంది. ఈమధ్యే విటమిన్ డి, కాల్షియం మొదలుపెట్టారు. కాకినాడ తీసుకెళ్లి వెంటనే ఆపరేషన్ చేయించమంటారా?

జవాబు 1: తొందరపడకండమ్మా. ఎముక మెత్తగా ఉండగా సరిచేస్తే మళ్లీ వంగుతుంది. ముందు రక్తంలో ఫాస్ఫేట్ (ఎముకకు గట్టిదనమిచ్చే ఖనిజం), ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (రికెట్స్‌లో పెరిగే ఎంజైమ్) వయసుకు తగిన స్థాయికి రావాలి. ఎక్స్-రేలో గిన్నెలా గుంటపడిన ఎముక చివర గట్టిపడినట్టు కనిపించాలి. ఈ వయసులో చాలామందికి మందులతోనే వంపు బాగా తగ్గుతుంది.

జవాబు 2: మా బాబుకు అలా తగ్గకపోవడంతో, మోకాలి బయటి వైపు ఎదుగుదల పొరకు (పిల్లల ఎముక పొడవు పెరిగే మృదులాస్థి పొర) పైన ఒకటి, కింద ఒకటి స్క్రూ వచ్చేలా చిన్న ప్లేటు బిగించారు. బయటి వైపు ఎదుగుదల ఆగి, లోపలి వైపు సాగుతుండటంతో కాలు నెమ్మదిగా నిటారవుతుంది. తిన్నగా కాగానే ప్లేటు తీయించాలి, లేకపోతే కాలు అవతలి వైపుకు వంగుతుంది. కాబట్టి పరీక్షలకు తప్పక వెళ్లండి. ఎదుగుదల ఆగిపోయినవారికి, వంపు మరీ ఎక్కువైనవారికి మాత్రం ఎముకను కోసి సరిచేస్తారు.

జవాబు 3: ఎండ ఉన్నా, పాలు, రాగులు లేకుండా అన్నమే ఎక్కువగా తినే పిల్లలకు కాల్షియం లోటుతోనూ రికెట్స్ వస్తుంది. విటమిన్ డి సరిపడా ఇచ్చాక కూడా ఫాస్ఫేట్ తక్కువగానే ఉంటే, వంశపారంపర్య రికెట్స్ ఉందేమో డాక్టరు గారిని తప్పక అడగండి. దానికి చికిత్స వేరు, ఆపరేషన్ తర్వాత వంపు తిరిగి వచ్చే అవకాశమూ ఎక్కువ.