నేలలో పెరిగిన పెద్ద ట్రైడెంట్ మేపుల్ దొరికింది, బోన్సాయ్‌గా ఎలా మొదలుపెట్టాలి? చేసినవాళ్ళు చెప్పండి

పెరటితోట_రాలీ
అందరికీ నమస్తే. ఇక్కడ అమెరికాలో, రాలీ ఊరి బయట ఒక నర్సరీ వాళ్ళు స్థలం ఖాళీ చేస్తున్నారు, అక్కడ 12 ఏళ్ళుగా నేలలోనే ఉన్న ట్రైడెంట్ మేపుల్ ఒకటి తవ్వుకుపొమ్మన్నారు. మొదలు దగ్గర 5 అంగుళాల మందం, ఎత్తు 14 అడుగులు, కానీ కింద నుంచి పైదాకా కరెంటు స్తంభంలా ఒకటే లావు. మొదలు దగ్గర మట్టి గీకి చూశా, ఒకపక్క మూడు మంచి వేళ్ళు పరుచుకుని ఉన్నాయి, రెండోపక్క అసలేం లేదు. ఇప్పటిదాకా నేను పెంచినవన్నీ చిన్న కుండీ మొక్కలే, ఇంత పెద్దది ఇదే మొదలు. ఫిబ్రవరి చివర్లో తవ్వుదామనుకుంటున్నా. మాను ఎంత ఎత్తులో కొయ్యాలి, వేళ్ళు ఎంత తీసెయ్యొచ్చు, రెండూ ఒకే రోజు చెయ్యొచ్చా? చివరికి రెండడుగుల చెట్టు కావాలి.

గులకమట్టి
టైమ్ కరెక్ట్ అండి, మొగ్గలు ఉబ్బాలి కానీ విచ్చుకోకూడదు, ఆ రెండు మూడు వారాలే మనవి. ట్రైడెంట్ అయితే రెండూ ఒకే రోజు చెయ్యండి, భయం లేదు. నేను ఇక్కడ పోర్ట్‌లాండ్‌లో 2016లో నాలుగున్నర అంగుళాలది తవ్వా, గునపం, పార, మడత రంపం, ఇద్దరం కలిసి పూటంతా పట్టింది. చివరి ఎత్తులో మూడోవంతు దగ్గర మొదటి కోత, అంటే మీకు 8 అంగుళాలు. చూడ్డానికి మొద్దులా కనపడి గుండె జారుతుంది కానీ ఎత్తులో కోస్తే పైకి పోయేకొద్దీ సన్నబడటం అనేది ఎప్పటికీ రాదు. తల్లి వేరు పూర్తిగా తీసెయ్యండి, అడుగు భాగం రంపంతో పీటలా చదునుగా కొయ్యండి, పక్కలకి పోయే వేళ్ళు మాత్రం మాను నుంచి నాలుగైదు అంగుళాలు ఉంచండి. ముందు వేళ్ళు, ఆ తర్వాత మాను, ఈ వరసలో కోస్తే పైకోత నుంచి నీళ్ళు కారడం బాగా తగ్గుతుంది. తర్వాత చెక్కపెట్టెలో, ప్యూమిస్ (నురగరాయి ముక్కలు) లాంటి గరుకు మట్టిలో, కదలకుండా వైరుతో గట్టిగా కట్టెయ్యాలి. చెట్టు ఊగితే కొత్త పీచు వేళ్ళు తెగిపోతాయి, చాలామందికి చెట్టు పోయేది కోత వల్ల కాదు ఈ ఊగడం వల్లే.

జెర్సీ_మోమిజి
ఒక్క నిమిషం, అది ట్రైడెంటే అని ఖాయం చేసుకున్నారా? ఎందుకంటే జపనీస్ మేపుల్ మీద నేను ఇదే పని చేసి సగం చెట్టు పోగొట్టుకున్నా. మార్చిలో తవ్వి, అదేరోజు మాను కోసి, వేళ్ళు కోసి... జూన్‌కల్లా కోత నుంచి బెరడు నల్లబడుతూ కిందికి దిగింది, వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది, ఆగేసరికి 3 అంగుళాలు చచ్చిపోయింది. జపనీస్ మేపుల్‌కి ఒక ఏడాది వేళ్ళు, అది కోలుకున్నాక ఇంకో ఏడాది మాను. కణుపు మీద రెండంగుళాల మొట్టు వదిలి కొయ్యాలి, చచ్చేది ఆ మొట్టు వరకే చస్తుంది, తర్వాత శుభ్రం చేసుకోవచ్చు. ఈ రెండు చెట్లనీ "మేపుల్" అని ఒకే గాట కట్టెయ్యకండి దయచేసి.

పెరటితోట_రాలీ
ట్రైడెంటే అండి, ఆకు మూడు కొసలు, ముదురు బెరడు పెళ్ళలుగా లేస్తే కింద నారింజ రంగు కనపడుతోంది. గులకమట్టి గారూ, వేళ్ళు లేని పక్క సంగతి ఏంటి మరి?

వేరుబలం
అసలు ప్రశ్న అదే, నేను చెప్తా. మాను లావు పదేళ్ళలో వస్తుంది కానీ మొదలు చుట్టూ పరుచుకున్న వేళ్ళు లేకపోతే ఎంత లావు చెట్టయినా పాతిపెట్టిన గుంజలా ఉంటుంది. రెండు దారులున్నాయి. ఒకటి నేల అంటు, మంచి వేళ్ళకి కొంచెం పైన చుట్టూ బెరడు వలిచి, లోపలి ఆకుపచ్చ పొర పూర్తిగా గీకేసి, హార్మోన్ పొడి పూసి తడి నాచు కప్పడం, చుట్టూ కొత్త వేళ్ళు వస్తాయి కానీ ఉన్న మూడు వేళ్ళూ పోతాయి. రెండోది వేరు అంటు, నాకు ఇదే ఇష్టం. పెన్సిల్ కంటే సన్నటి ట్రైడెంట్ నారుమొక్కలు నాలుగు తెచ్చుకోండి, ఖాళీగా ఉన్నపక్క మొదలు మీద ఉలితో గాడి చెక్కండి, నారుమొక్కకి ఒకపక్క బెరడు తీసి ఆ గాడిలో ఆకుపచ్చ పొర ఆకుపచ్చ పొరకి తగిలేలా కూర్చోబెట్టి చిన్న మేకుతో బిగించండి. నారుమొక్క పైభాగం రెండేళ్ళు స్వేచ్ఛగా పెరగనివ్వాలి, అది లావెక్కే కొద్దీ గాడిలో ఇరుక్కుని అతుక్కుపోతుంది, తర్వాత పైది కోసేస్తే కింద మిగిలేది వేరు. కాకపోతే తవ్విన ఏడాది వద్దు, వచ్చే వసంతంలో చెయ్యండి. అప్పుడే అడుగున చెక్కపలక పెట్టి వేళ్ళని విసనకర్రలా పరిచి మేకులు కొట్టండి, జపాన్‌లో బోన్సాయ్ పెంచిన ఎబిహారా గారి ట్రైడెంట్లకి అంత పేరొచ్చింది ఈ పలక పద్ధతితోనే. వీలైతే వాషింగ్టన్ డీసీ నేషనల్ ఆర్బొరేటమ్‌కి ఒకసారి వెళ్ళండి, అక్కడి బోన్సాయ్ మ్యూజియం 1976లో జపాన్ ఇచ్చిన 53 చెట్లతో మొదలైంది. ఎవరైనా ఆకులు చూస్తారు, మీరు మోకాళ్ళ మీద కూర్చుని మొదళ్ళు చూడండి.

హైదరాబాద్_మిద్దెతోట
అన్నా, ఇది మా మిద్దె మీద అవుతుందా?

గులకమట్టి
కష్టం తమ్ముడూ, దానికి చలికాలంలో నిజంగా చలి కావాలి, నిద్రపోవాలి. హైదరాబాద్ ఎండకి ఆకులు మాడి ఏటికేడు నీరసపడిపోతుంది. జువ్వి, సీమచింత తీసుకో, లావు మాను కోసి చిగురు పెంచే పని వాటి మీద మీ దగ్గర ఇంకా తొందరగా అవుతుంది.

పెరటితోట_రాలీ
అప్‌డేట్: ఫిబ్రవరి 22న తవ్వా, 8 అంగుళాల దగ్గర కోశా, కోత మీద కట్ పేస్ట్ (గాయం ఎండకుండా పూసే లేపనం) పూసి పెట్టెలో బిగించా. ఏప్రిల్ మొదటివారం దాకా ఏమీ లేదు, రోజూ పొద్దున కాఫీ పట్టుకెళ్ళి చూసేవాడిని. ఇవాళ కోత అంచు కింద ఎర్రటి చుక్కల్లా మొగ్గలు, గుండుసూది తలంత, లెక్కపెడితే పదకొండు!! చాలా సంతోషంగా ఉందండి. ఒకటే ఉంచి మిగతావి తీసెయ్యనా?

జెర్సీ_మోమిజి
శుభం! ఇప్పుడే ఏదీ తీయకండి, ఆ ఆకులే వేళ్ళని పుట్టిస్తాయి. ఎరువు కూడా మొదటి ఆకులు ముదిరాకే.

వేరుబలం
వచ్చే ఏడాది ఒకదాన్ని తలకొమ్మగా ఎంచుకోండి, చిగుళ్ళు గిల్లకుండా ఆరేడడుగులు పోనివ్వండి, దాని లావు మానులో మూడింట రెండొంతులకి వచ్చాక మళ్ళీ కోత. మూడేళ్ళయినా పడుతుంది, ఆ కోత పూడటానికి ఇంకొన్నేళ్ళు. ఆ కొమ్మకి మెలిక తిప్పాలని వైరు చుడితే మే నెలలో వారానికోసారి చూడండి, మూడు వారాల్లో బెరడులోకి దిగబడుతుంది, ఆ మచ్చ ఏళ్ళు పోదు. చలికాలం 20 ఫారెన్‌హీట్ కంటే కిందికి పోయే రాత్రులు పెట్టె గరాజ్‌లోకి లాగెయ్యండి, ట్రైడెంట్ వేళ్ళలో నీరు ఎక్కువ, గడ్డకడితే కుళ్ళిపోతాయి.

పెరటితోట_రాలీ
సరేనండి, ఏదీ ముట్టుకోను. దక్షిణం వైపు కింద ఉన్న మొగ్గ మిగతావాటికంటే రెట్టింపు ఉంది, దానికి మాత్రం పక్కన ఒక పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకున్నా. నారుమొక్కలు నాలుగు ఇవాళే ఆర్డర్ పెట్టేశా.