అప్‌డేట్: చంద్రగిరి అమ్మాయి కాలేజీ ఖర్చులు

ఒడిశాలోని గజపతి జిల్లా చంద్రగిరిలో 1963 నుంచి ఉన్న టిబెటన్ శరణార్థుల సెటిల్‌మెంట్‌లోని ఒక అమ్మాయికి బరంపురంలో బీఎస్సీ సీటు వచ్చిందని, ఫీజు కాక మిగతా ఖర్చులకు ఎలా సాయపడాలని అడిగాను కదా. అమ్మాయి చేరింది!

స్కాలర్‌షిప్ ఎప్పుడో తర్వాత పడుతుంది. హాస్టల్ డిపాజిట్, మెస్ అడ్వాన్స్ మాత్రం చేరేటప్పుడే కట్టాలి. తెలివైన పిల్లలు ఆగిపోయేది అక్కడే. మీరు చెప్పినట్టు ఆ రెండూ మేమే నేరుగా కట్టేశాం. ల్యాబ్ కోటు, రికార్డులు, పరుపు, బస్సు చార్జీలకు నెలనెలా తన ఖాతాలో వేస్తున్నాం.

వాళ్ల అమ్మానాన్నలు మొక్కజొన్న వేస్తారు, చలికాలంలో ఊళ్లు తిరిగి స్వెటర్లు అమ్ముతారు. చేతిలో డబ్బు ఆడేది అప్పుడే, అడ్మిషన్ల టైముకి ఏమీ ఉండదు. "ఊరికే వద్దు సార్, సీజన్ అయ్యాక తీరుస్తాం" అన్నాడు వాళ్ల నాన్న. కాదంటే ఆయన్ని చిన్నబుచ్చినట్టే. సరే అన్నాం, గడువు మాత్రం పెట్టలేదు.

సెలవుల్లో మెస్ మూస్తే భోజనం ఎలా అన్నది మాకు తట్టనే లేదు, మా ఆవిడ అడిగితే తెలిసింది. ఆ రోజుల్లో పర్లాకిమిడిలో మా ఇంటికే వస్తుంది.

ఇక ల్యాప్‌టాప్ ఒక్కటే మిగిలింది. పాతదైనా బాగా పనిచేసేది ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.