పీఈ రౌటర్ ఎంపిక: క్యూఓఎస్ (ఏ ట్రాఫిక్‌కి ఎంత ప్రాధాన్యం అన్న నియంత్రణ) కోసం ఏం చూడాలి?

ప్రశ్న: ఎంపీఎల్ఎస్ వీపీఎన్ (లేబుళ్లతో ప్యాకెట్లు పంపే ప్రైవేట్ నెట్‌వర్క్ సేవ) కస్టమర్ల కోసం కొత్త పీఈ రౌటర్లు (కస్టమర్ లైన్లు వచ్చి కలిసే, మా నెట్‌వర్క్ అంచు రౌటర్లు) చూస్తున్నాం. ఒకే 10 గిగాబిట్ పోర్ట్ మీద వందలాది వీలాన్‌లు (కస్టమర్‌కొకటిగా విడదీసిన లైన్లు), ఒక్కోదానికి ఒక్కో స్పీడు. వాయిస్ తెగకూడదు, నా టెన్షన్ అదే. డేటాషీట్లన్నీ ఒకేలా ఉన్నాయి. దేన్నిబట్టి తేల్చుకోవాలండీ?

జవాబు 1: ముందు హెచ్‌క్యూఓఎస్ (అంచెలంచెల క్యూఓఎస్) ఉందో లేదో అడగండి. పోర్ట్‌కి 8 క్యూలే (ప్యాకెట్లు వేచి ఉండే వరసలు) ఉంటే మీ పని జరగదు. ప్రతి కస్టమర్‌కీ విడిగా షేపర్ (స్పీడు హద్దు దాటిన ట్రాఫిక్‌ని ఆపి నెమ్మదిగా పంపేది), దాని కింద విడి క్యూలు కావాలి. లేకపోతే ఒకరి బ్యాకప్ ట్రాఫిక్ పక్కవాళ్ల కాల్స్‌ని తొక్కేస్తుంది. క్యూల సంఖ్య ఒక్కో లైన్ కార్డ్‌కా (పోర్టులుండే కార్డు), మొత్తం ఛాసిస్‌కా (రౌటర్ పెట్టె) అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. నేనైతే ఇది తేలకుండా ధర మాటే ఎత్తను.

జవాబు 2: మార్కింగ్ (ప్యాకెట్ మీద ప్రాధాన్యం గుర్తు) కూడా చూడండి. ఐపీ ప్యాకెట్‌లో ఆ గుర్తు అయిన డీఎస్‌సీపీకి 6 బిట్లు, ఎంపీఎల్ఎస్ లేబుల్‌లో దానికి 3 బిట్లే. 64 విలువల్ని 8కి కుదించే మ్యాపింగ్ మీ చేతిలో ఉండాలి.

ప్రశ్న అడిగినవారు: మరి బఫర్ (ప్యాకెట్లు ఆగే మెమరీ) ఎంత ఉండాలి?

జవాబు 1: వాయిస్‌కి పెద్ద బఫర్ వద్దు, ఆలస్యం పెరుగుతుంది. ప్రయారిటీ క్యూ ఇచ్చి, దానికి పోలీసర్ (హద్దు దాటిన ట్రాఫిక్‌ని పడేసేది) పెట్టండి. పెద్ద బఫర్ కావాల్సింది డేటా క్యూలకి. కొనేముందు ల్యాబ్‌లో అన్ని క్యూలూ నింపి, 64 బైట్ల ప్యాకెట్లతో కూడా వాయిస్ జిట్టర్ (ఆలస్యంలో హెచ్చుతగ్గులు) కొలవండి. ఈ పరీక్షకి ఒప్పుకోని వెండర్‌ని వదిలేయండి.